ముందుకు వంగిన బెలూన్

కొత్తగా ఎమ్మెస్సీ ఫిజిక్స్ పాసైన ఆ రోజుల్లో, ఈ విశ్వం ఎలా నడుస్తోందో నాకు తెలుసని నిజంగానే నమ్మేదాన్ని. (విశ్వానికేమైనా సందేహాలుంటే వచ్చి నన్నడగొచ్చన్న ధోరణి కూడా ఉండేది.) అప్పుడే విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీవాళ్లు డెమో క్లాసుకి పిలిచారు. అంశం, భౌతికశాస్త్ర మూల సిద్ధాంతాల పరిచయం. అది నచ్చితేనే ఉద్యోగం. వారం రోజులు అద్దం ముందు నిలబడి బట్టీ పట్టాను. తీరా ఆ ఉదయం సాలూరులో జోరువాన, బస్సు దొరకలేదు. ఉల్లిపాయల లోడుతో అటే వెళ్తున్న మా మేనమామ నన్ను తన లారీలో ఎక్కించుకున్నాడు. విజయనగరంలో ఉన్న మనవరాలి పుట్టినరోజుకని కొన్న ఎర్ర గ్యాస్ బెలూన్ దారం నా చేతిలో పెట్టాడు.

జల్లు కొట్టకుండా అద్దాలన్నీ ఎత్తేశాం. లారీ వేగం అందుకోగానే నేను వెనక్కి సీటుకి ఆనుకుపోయాను. బెలూన్ మాత్రం ముందుకు వంగింది.

"ఏటే అమ్మీ, మనం ఎనక్కెల్తంటే ఇది ముందుకెల్తన్నాది?" అన్నాడు మావయ్య.

"గాలికి మావా," అన్నాను గొప్పగా.

"అద్దాలు మూసేసున్నాయి కదే!"

రామభద్రపురం దగ్గర మేకలు అడ్డొచ్చి బ్రేకేస్తే మేం ముందుకు తూలాం, బెలూన్ వెనక్కొచ్చి నా ముక్కుకి తగిలింది. "మావా, ఇంకోపాలి బ్రేకెయ్యవా?" అని ఖాళీ రోడ్డు మీద మూడుసార్లు బతిమాలి వేయించాను. నాలుగోసారికి, "ఇది లోడు బండే, ఉయ్యాల కాదు," అని కసిరాడు.

అప్పుడు తట్టింది. లారీ వేగం పెరిగినప్పుడు కేబిన్లో గాలి వెనక్కి ఒత్తుకుంటోంది. గాలికన్నా తేలికైన బెలూన్‌కి వెనకవైపే 'కింద', ముందువైపే 'పైన' అయిపోతోంది. పాపం, అది ఎప్పట్లాగే పైకి పోతోంది! వేగం పెరగడానికీ భూమి లాగడానికీ తేడా కనిపెట్టలేమన్న సాపేక్షతా సిద్ధాంతపు మాట, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మాట, మొదటిసారి నా కళ్లకు కనబడింది. గ్రహాలను నడిపే సూత్రం నా వేళ్ల మధ్య దారం కొసన ఊగుతోంది.

అంతా విడమరిచి చెప్పాను. మావయ్య గజపతినగరం వచ్చాక మెల్లగా అన్నాడు: "అయితే మనం నేల మీద కదలకుండా కూకున్నామనుకుంతన్నాం గానీ, ఎవుడో మనల్ని పైకి తోసుకెల్లిపోతన్నాడేమో. మనకేటి తెలుస్తాది?"

నేను ఐదేళ్లు చదివింది ఆయన ఐదు మైళ్లలో అందుకున్నాడు.

డెమో క్లాసులో బట్టీ పట్టింది ఒక్క ముక్కా గుర్తు రాలేదు. లారీ సంగతే చెప్పాను. పిల్లలు రాసుకోవడం మానేసి వింటూ ఉండిపోయారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ప్రిన్సిపాల్ గారు మాత్రం, "బాగుందమ్మా, కానీ ఇందులో సిలబస్ ఏదీ?" అన్నారు.

ఉద్యోగం రాలేదు. ఆ సంగతి తిరుగు బస్సులో సగం దారి దాటాక గానీ నాకు గుర్తుకు రాలేదు. నేను సీటు మీద కూర్చున్నానా, సీటే నన్ను పైకి నెడుతోందా అని చూసుకుంటూ ఉండిపోయాను. తర్వాత వేరేచోట మేష్టరమ్మనయ్యాను, ఏటా సిలబస్ వేళకి పూర్తి చేస్తున్నాను. ఇప్పుడు నాకు తెలిసినదాంట్లో ఆ రోజు లారీ ఎక్కిన ఆ పిల్లకి పావువంతు కూడా తెలియదు. కానీ అంత ఆశ్చర్యాన్ని ఒళ్లో పెట్టుకుని నేను మళ్లీ ఏ బస్సూ ఎక్కలేదు.