వెనక గల్లీకి పోని మనిషి

కరోనా పెద్దవాళ్ల బతుకులను ఎలా మార్చిందో తెలుసుకునే పని మీద కొన్నాళ్లు మీర్‌పేట్ నుంచి రోజూ ఇబ్రహీంపట్నం వెళ్లేదాన్ని. సంచిలో ప్రశ్నల కాగితాలు. రాసింది నేనే కాబట్టి వాటి మీద నాకు మహా గర్వం. రెండో రోజే ఒక పెద్దావిడ ఆ గర్వాన్ని దించేసింది.

"అప్పట్లో ఒంటరిగా అనిపించేదా అండీ? ఎప్పుడూనా, అప్పుడప్పుడా, అసలు లేదా?" అని అడిగాను.

ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నన్ను ఎగాదిగా చూసింది. "ముందుగాల ఛాయ్ తాగు బిడ్డా. అండి అండి అనుకుంట నీ గొంతే ఎండుతున్నది."

అప్పుడే ఆవిడంటే నాకు ఇష్టం పుట్టేసింది.

ఇంటి నుంచి ఎంత దూరం నడుస్తారన్నది తర్వాతి ప్రశ్న. రేషన్ దుకాణం ఆవిడ ఇంటి వెనక గల్లీ చివరే ఉంది. ఆవిడ మాత్రం బస్టాండు మీదుగా చుట్టు తిరిగి వెళ్తుందట. మోకాళ్ల నొప్పులని అంతకుముందే రాయించిన మనిషి! ఎందుకలా అని అడిగితే చిక్కుడుకాయలు పక్కన పెట్టి చెప్పింది.

వెనక గల్లీలో ఆవిడ స్నేహితురాలుంది. వయసులో ఉన్నప్పటి నుంచీ ఇద్దరూ కలిసి నాట్లు వేసినవాళ్లు. స్నేహితురాలి భర్త కరోనాతో పోయాడు. ఇక్కడ ఎవరైనా పోతే తెలిసిన ఆడవాళ్లు వెళ్లి, ఆ ఇల్లాలిని పట్టుకుని, పోయినవాళ్ల ముచ్చట్లు చెప్పి గట్టిగా ఏడుస్తారు. ఈవిడను కొడుకు గడప దాటనివ్వలేదు. ఆ తర్వాత వెళ్లడానికి మొహం చెల్లలేదు.

"నా పానం నాకు తీపైంది బిడ్డా. ఇప్పుడు దానికి మొకమెట్ల చూపియ్యాలె?"

నా కాగితంలో దానికి గడి లేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

మర్నాడు ఆ స్నేహితురాలి ఇంటికే వెళ్లాను. ఆవిడ పేరూ నా జాబితాలో ఉంది. ఒంటరితనం ప్రశ్నకు ఆవిడ చెప్పిన జవాబు ఇది:

"నా దోస్తుకు దమ్ము బీమారి, ఊపిరాడది. ఏడ్వనీకి వస్తే అది గూడ పోతుండె. అందుకే లోపల్నుంచి గొళ్లెం పెట్టిచ్చిన. తలుపు మూసిన్నని దానికి కోపమొచ్చినట్టుంది, ఇటు దిక్కే వస్తలేదు."

ఒకరి జవాబు ఇంకొకరికి చేరవేయకూడదన్నది మా పనిలో మొదటి నియమం. నోరు మూసుకున్నాను. కాళ్లు మాత్రం తిన్నగా మొదటావిడ ఇంటికి వెళ్లాయి.

"వెనక గల్లీకి నాతో రండమ్మా."

"ఎందుకు?"

"చెప్పకూడదమ్మా. రండి."

నా మొహంకేసి చూసి చెప్పులేసుకుంది. దారిలో నా మోచెయ్యి ఒక్కసారి కూడా వదల్లేదు.

గుమ్మంలో ఈవిడను చూడగానే స్నేహితురాలు లేచి నిలబడింది. "ఇప్పుడు యాదికొచ్చిన్నానే నీకు?"

అంతే. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గొంతెత్తి ఏడ్చారు. మనిద్దర్నీ బండి మీద జాతరకు తీస్కపోయినోడని ఈవిడ, నువ్వు చేసిన మామిడికాయ తొక్కే కావాల్నని అలిగినోడని ఆవిడ. పరాయిదాన్నని కూడా మర్చిపోయి నేనూ ఏడ్చాను.

ఆ ఏడుపు విని పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. "ఎవరు పోయిన్రు?"

"మా ఇంటాయన," అంది స్నేహితురాలు.

"గాయన పోయి ఏండ్లాయె గదనే!"

"అవ్. అప్పుడు ఏడ్వనీకి ఎవరొచ్చిన్రు?"

పక్కింటావిడ చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఆ ఇద్దరినీ పట్టుకుని తనూ ఏడ్చింది.