మామ్మగారి మీద వేసిన తప్పు

ఆ ఫొటో పాడైంది నా వల్ల. స్టూడియోకి వచ్చినవాళ్లకి చాలాకాలం వేరేలా చెప్పాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

రెండువేలు దాటిన కొత్తలో అనకాపల్లి స్టూడియోలన్నీ డిజిటల్‌కి మారుతున్నాయి. నేను మాత్రం పెద్ద చెక్క కెమెరాను వదల్లేదు. నల్లగుడ్డ కప్పుకుని, కెమెరా వెనక ఉండే అద్దం మీద తలకిందులుగా కనిపించే మనిషిని చూసుకుని, పోస్టుకార్డంత ఫిల్ము మీద ఫొటో తీసేవాణ్ణి. ఫిల్ము పెట్టే చట్రానికి రెండువైపులా ఒక్కో ఫిల్ము, దాని మీద పలచటి మూత ఉంటాయి. మూత అంచు ఒకపక్క తెలుపు, ఇంకోపక్క నలుపు. తెలుపు బయటికుంటే తీయని ఫిల్మని గుర్తు. తీశాక మూత తిప్పి నలుపు బయటికి పెట్టాలి.

చర్చి వెనక వీధిలో ఉండే మామ్మగారిని ఆవిడ కొడుకు తీసుకొచ్చాడు. ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. తల కొద్దిగా వణికేది. మొదటి ఫొటో తీయగానే ఫోను మోగింది. మాట్లాడుతూనే మూత తిప్పకుండా పెట్టేశాను. తర్వాత కెమెరాను కాస్త పక్కకి జరిపి, తెలుపు చూసి కొత్త ఫిల్మే అనుకుని దాని మీదే మళ్లీ తీశాను. కడిగితే ఒక ఫిల్ము ఖాళీ. రెండోదాని మీద ఇద్దరు మామ్మలు.

కారణం అప్పుడే అర్థమైంది. కానీ ప్రింటు ఇచ్చే వేళకి స్టూడియోలో నలుగురున్నారు. ఆ పాత డబ్బా ఎందుకని రోజూ ఎగతాళి చేసేవాళ్లే.

"మామ్మగారు తల కదిపేశారు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ప్రింటు నా దగ్గరే వదిలేసి వెళ్లిపోయింది.

ఏడాది తిరక్కుండా మనవరాలి పెళ్లి కుదిరింది. ఫొటోలు నాకే చెప్పారు. ముందురోజు కొడుకు వచ్చాడు.

"బావా, అమ్మ గ్రూపు ఫొటోలోకి రాదట. నా బుర్ర ఊగితే అందరి ఫొటో పాడైపోద్ది, నేను రాను అంటంది. ఆ పిల్లేమో ఏడుత్తంది."

వెంటనే ఆ ప్రింటు పట్టుకుని వెళ్లాను. మామ్మగారు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

"ఏటి బాబూ, ఇంకా దాసేవా దీన్ని?"

"కుర్చీ చూడండి మామ్మా."

కళ్లజోడు సర్దుకుంది. "రెండున్నాయి."

"మీ తల వణికితే కుర్చీ ఎందుకు రెండవుతుంది? ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీసేశాను. తప్పు నాది. మీ మీదకి తోసేశాను."

ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూనే ఉంది.

"నాకు సెప్తే ఏటి లాభం? నవ్వినోళ్లకి సెప్పు."

మర్నాడు చర్చిలో పెళ్లయ్యాక అందరూ వరసగా నిలబడ్డారు, ఆవేళ స్టూడియోలో నవ్వినవాళ్లతో సహా. నల్లగుడ్డ కప్పుకోకముందే జరిగిందంతా గట్టిగా చెప్పాను.

"ఓరి నీ బండబడ! పాపం, ముసల్దాని మీద పెట్టేసేవా?" అన్నాడు వెనక వరసలోంచి ఒకాయన.

ఈసారి నవ్వులు నా మీద. మామ్మగారు లేచివచ్చి పెళ్లికూతురి పక్కన కూర్చుంది.

లోపల వెలుతురు తక్కువ. అర సెకనైనా లెన్సు తెరిచి ఉంచాలి. ప్రింటు వేసి చూస్తే అందరి ముఖాలూ స్పష్టంగా ఉన్నాయి, ఆవిడది మాత్రం కొంచెం చెదిరింది. ఇవ్వడానికి జంకాను.

ఆవిడ ఆ చెదిరినచోట వేలు పెట్టి, "ఇది మాత్రం నాదే బాబూ" అంది.

పడీపడీ నవ్వింది. చెల్లెళ్లకి పంపాలి, ఇంకో రెండు కాపీలు వెయ్యమంది.