పిన్ని నొక్కని బంతి

ఆవిడను చుట్టుపక్కల వాళ్ళంతా ఎక్స్ఛేంజి పిన్ని అంటారు. ట్రంక్ కాల్ రోజుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, కాల్స్ కలిపే బోర్డులు పాత ఇనుము కింద పోయేదాకా అక్కడే పనిచేసింది. ఎదురుగా బోర్డు మీద దీపం వెలిగితే చాలు, నోటి దాకా వచ్చిన మంచినీళ్ళ గ్లాసైనా పక్కన పెట్టి పలికేది. పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు, బేరాలు, బతిమాలుకోవడాలు అన్నీ ఆవిడ చేతుల మీదుగానే నడిచాయి. మధ్యమధ్య లైన్లోకి వచ్చి "మాట్లాడుతున్నారా?" అని అడగడం ఆవిడ డ్యూటీ. "మాట్లాడుతున్నాం, కట్ చెయ్యకండి!" అని రెండు వైపుల వాళ్ళూ ఒక్కసారే అరిచేవాళ్ళు. ఇంతమందిని కలిపిన మనిషి తనకోసం ఒక్క కాల్ చేసుకుంటే ఒట్టు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "నైట్ డ్యూటీలు కదా" అనేది, పగలు ఎవరూ పెళ్ళి చేసుకోనట్టు! ఉన్నదల్లా ఒక చెల్లెలు. తల్లి పోయాక సామాను సర్దుకుని వెళ్ళిపోతూ ఆ చెల్లెలు "ఏ అవసరమొచ్చినా ఫోన్ చెయ్యక్కా" అంది. పిన్ని ఆ మాటను అక్షరాలా పట్టుకుంది. జ్వరమొచ్చింది, అదీ ఒక అవసరమేనా? పైకప్పు కారింది, దానికి చెల్లెలేం చేస్తుంది? ఇలా తూకం వేస్తూనే ఏళ్ళు గడిపేసింది. చెల్లెలూ చెయ్యలేదు. ఆ ఇంటి రక్తమే అంత.

ఈలోగా కాలు మొరాయించింది. నాలుగడుగులు వేస్తే కుడి పిక్క పట్టేస్తుంది, ఆగితే వదులుతుంది. ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పాలప్యాకెట్ కోసం దిగితే మళ్ళీ పైకెక్కేసరికి దేవుడు కనిపిస్తున్నాడు.

"కాలి రక్తనాళం సన్నబడింది," అన్నాడు డాక్టరు. "దానికింకా సాగే శక్తి ఉందో లేదో చూడాలి. తొడకు పట్టీ బిగించి కాసేపు రక్తం ఆపుతాం. వదలగానే ఒక్క ఉదుటున దూకుతుంది. చేవ ఉన్న నాళమైతే అప్పుడు వెడల్పవుతుంది. అది ఎమ్మారైలో తెలిసిపోతుంది. సాగితే మందులూ నడకా సరిపోతాయి. సాగకపోతే ఆపరేషన్ చెయ్యాలి. ఆ తర్వాత కొన్నాళ్ళు ఎవరో ఒకరు మీ దగ్గరుండాలి. ఎవరున్నారు?"

"చూస్తానండి," అంది పిన్ని. ఇంటికొచ్చి నిజంగానే చూసింది. గదిలో కుర్చీలు రెండున్నాయి. రెండోదాని మీద ఉతికిన బట్టలున్నాయి.

పరీక్ష రోజున స్కానింగ్ అమ్మాయి ఆవిడను బల్ల మీద పడుకోబెట్టి, తొడకు గాలి నింపే పట్టీ చుట్టి, చేతిలో రబ్బరు బంతి పెట్టింది. "ఏ ఇబ్బందైనా ఇది నొక్కండమ్మా. అక్కడ నాకు మోగుతుంది, వెంటనే పలుకుతాను."

బల్ల గొట్టంలోకి వెళ్ళింది. చెవులకు దూది, దానిమీద మూతలు పెట్టినా డబడబా చప్పుడు ఆగలేదు. పట్టీలోకి గాలి ఎక్కి కాలు మొద్దుబారింది. కాసేపటికి తొడ దగ్గర ఏదో జారినట్టయింది. కాలిలోకి వెచ్చదనం మెల్లగా తిరిగొచ్చింది. పట్టీ వదులైందని పిన్నికి తెలిసింది. బంతి గుప్పిట్లోనే ఉంది. పాపం ఆ పిల్ల ఏ పనిలో ఉందో, ఈపాటిదానికి పిలవడం ఎందుకులే అనుకుని కళ్ళు మూసుకుంది.

బయటికి తీసేసరికి డాక్టరు కంప్యూటర్ ముందు పెదవి విరుస్తున్నాడు. "ఏమీ కదల్లేదు. ఆపరేషన్ తప్పదేమో."

"ఆగండి సార్," అంది స్కానింగ్ అమ్మాయి. "పట్టీ ఊడి మోకాలి దాకా జారింది. రక్తం ఆగందే దూకేదెక్కడ? అమ్మా, మీకు తెలియలేదా?"

"తెలిసింది."

"మరి నొక్కలేదేం?"

"చిన్నదానికి మిమ్మల్ని పిలవడమెందుకని..."

"చిన్నదో పెద్దదో మేం చూసుకుంటాం! అడగందే అమ్మయినా పెట్టదంటారు. కొంచెం ఉంటే మీ కాలు కోసేవాళ్ళు!"

ఎవరైనా అలా కోప్పడి ఎన్నాళ్ళయిందో. పిన్నికి కళ్ళు చెమ్మగిల్లాయి. సిగ్గేసింది, హాయిగానూ అనిపించింది.

కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి పట్టీ ఉడుంపట్టు పట్టింది. మధ్యలో చప్పుడు ఆగి గొట్టమంతా నిశ్శబ్దమైంది. నాళం సాగకపోతే దగ్గరుండమని ఎవరిని అడగాలి? భయమేసింది. ఇబ్బందేమీ లేదు, అయినా పిన్ని బంతి నొక్కింది.

"చెప్పండమ్మా, ఏమైంది?"

"ఏం లేదమ్మా. ఉన్నావా అని."

ఆ గొంతు మెత్తబడింది. "ఉన్నానమ్మా. ఇక్కడే ఉన్నాను. కాలు మాత్రం కదపకండి."

పట్టీ వదలగానే రక్తం దూకింది. నాళం సాగింది. పడుచుపిల్లల నాళంలా కాదుగానీ, మందులతో నెట్టుకొచ్చేంత సాగింది.

పిన్ని ఆగి ఆగి మెట్లెక్కి ఇల్లు చేరింది. ఆపరేషన్ లేదు, తోడు అక్కర్లేదు, ఇక ఎవరినీ పిలవాల్సిన అవసరమే లేదు. అవసరమున్నన్నాళ్ళూ ముట్టుకోని ఫోను సరిగ్గా అప్పుడు తీసింది మహాతల్లి. రెండో కుర్చీ మీది బట్టలు మంచం మీద పడేసి, అందులో కూర్చుని నంబరు నొక్కింది.

"అక్కా? ఏమైంది? ఎక్కడున్నావ్? పక్కన ఎవరైనా ఉన్నారా?" చెల్లెలి గొంతు వణుకుతోంది.

"ఏం కాలేదే. ఊరికే చేశాను."

అటునుంచి మాట లేదు. లైను తెగిందో, చెల్లెలు ఏడుస్తోందో పిన్నికి అర్థం కాలేదు. నోటికి అలవాటైన ఎక్స్ఛేంజి మాటే అనేసింది.

"మాట్లాడుతున్నారా?"

"మాట్లాడుతున్నాం," అంది చెల్లెలు ముక్కు ఎగబీలుస్తూ. "కట్ చెయ్యకండి."