అత్త చేతి చేపలు

కుట్టుమిషనుకి వేసే నూనె వాసన నాకు పడదు. మొన్న జాకెట్టు ఇవ్వడానికి వెళ్తే మా వీధి దర్జీ సన్నమూతి డబ్బాతో మిషను కన్నాల్లో నూనె వొంపుతున్నాడు. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయాను. "ఏమ్మా, పడదా?" అన్నాడు పాపం. పడదు నాయనా, నలభై ఏళ్ళుగా పడదు.

మాది ఖరగ్‌పూర్, ట్రాఫిక్ అని పిలిచే పేటలో రైల్వే క్వార్టర్. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా తాత వర్క్‌షాపులో ఖలాసీగా చేరితే, నాన్న అక్కడే ఫిట్టరయ్యాడు. షాపు సైరన్‌తో లేచి, సైరన్‌తో అన్నం తిని, సైరన్‌తో సైకిళ్ళు గేటులోంచి బిలబిలమని బయటికి రావడం చూసి టీనీళ్ళు పొయ్యి మీద పెట్టే ఇళ్ళు మావి. బడిలో బెంగాలీ, వీధిలో హిందీ, ఇంట్లో మాట్లాడుకోవడానికీ తిట్టుకోవడానికీ మాత్రం అచ్చమైన మా ఊరి తెలుగు. వానాకాలంలో గోడలు చెమర్చి ఆరేసిన బట్టలు ముక్కవాసన కొట్టేవి. సాయంత్రాలు ఆవనూనె, పచ్చిమిరపకాయ కలిపిన మూడీని, అంటే మరమరాలని, న్యూస్‌పేపరు పొట్లాల్లో తింటూ వరండా మెట్ల మీద అష్టాచెమ్మా ఆడుకునేవాళ్ళం.

అలాంటి వానాకాలంలోనే, నాకు పదేళ్ళప్పుడు, నాన్న చెల్లెలు నూకాలత్త రేకుపెట్టె ఒకటి పట్టుకుని పలాస దగ్గర అత్తారింటి నుంచి వచ్చేసింది. తాగొచ్చి మొగుడు విరగ్గొట్టిన మణికట్టు సరిగ్గా అతకక వంకరగా ఉండేది. ఉంచుకోవాలా, పంపేయాలా అన్న పంచాయితీ మా ఇంట్లో రోజూ నడిచేది. దసరాలోగా పంపకపోతే వేరే పెళ్ళి చేసుకుంటానని ఆ మొగుడు మహానుభావుడు ఉత్తరం రాశాడు. "పంపీ బాబూ" అనేది నాన్నమ్మ. అత్తని కన్నతల్లి ఆవిడే, గుర్తుంచుకోండి. "ఉండనీ, సూద్దుము" అనేవాడు నాన్న. ఆ ఒక్క 'సూద్దుము' మీదే అత్త మా ఇంట్లో ఉంది.

ఆ నెలలోనే బదిలీ మీద వెళ్ళిపోతున్న బెంగాలీ బాబు ఒకాయన, మోసుకెళ్ళలేక, తన చేపల తొట్టె నాన్నకిచ్చేశాడు. ఆరు ఎర్రచేపలు, రెండు నల్లవి, గులకరాళ్ళు, గుర్రుమంటూ నీళ్ళలోకి గాలి ఊదే అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద పంపు. అమ్మకి అది దండగమారి సంత. అత్తకి మాత్రం అదే లోకం. మనుషుల ముందు నోరు విప్పని మనిషి, మూడీ పొడి చేసి నీళ్ళ మీద చల్లుతూ "దా దా, నల్లోడా, ఆకలేసినాదేటి?" అని వాటితో కబుర్లాడేది. నేను పక్కన కూర్చుంటే వాటి పేర్లూ కోపతాపాలూ వరసగా చెప్పేది. అత్త నవ్వు నేను చూసింది అక్కడే.

విశ్వకర్మ పూజ వచ్చింది. దసరా కంటే ఆ పండగంటేనే మాకు ప్రాణం. ఆ ఒక్కరోజు పిల్లల్ని కూడా షాపులోకి రానిచ్చేవాళ్ళు, మిషన్లకి బంతిపూల దండలు, క్రేన్లకి రంగుకాగితాలు, ఆవిరి కక్కే ఖిచుడీ, పొట్లంలో అంటుకుపోయిన బూందీ, పైన ఆకాశం నిండా గాలిపటాలు. అంతకుముందురోజు సాయంత్రం ప్రతి ఫిట్టరూ ఇంట్లోని మిషన్లన్నీ తుడిచి, నూనె వేసి, బొట్టు పెట్టాల్సిందే. సైకిలు, కుట్టుమిషను, టేబుల్ ఫ్యాను వరండాలో వరసగా పెట్టుకుని కూర్చునేవాడు నాన్న. "నూనె సూడని మిషనూ, నిద్దర సూడని మనిసీ ఒకటేనే గుంటా" అనేవాడు. ఆ ఏడు చేపల పంపు కూడా ఆ వరసలో చేరింది. "ఇదీ మిషనే గదా" అని దాని కన్నంలో నాలుగు చుక్కలు ఎక్కువే వొంపి, నెత్తిన కుంకుమ బొట్టు పెట్టి, మళ్ళీ తొట్టెకి తగిలించాడు. నేనే డబ్బా అందించాను.

పండగరోజు పొద్దున్న లేచేసరికి ఎనిమిది చేపలూ తేలిపోయి ఉన్నాయి.

"ఓలమ్మో, నానేటి సేసినాను? నిన్న ఒక్క సిటికెడే ఏసినాను" అని అత్త తొట్టె ముందు కూలబడిపోయింది. మూడీ ఎక్కువైందంది అమ్మ. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ కలిపారేమో అంది పక్క క్వార్టర్ దీదీ. అయితే కొత్తనీళ్ళు పోసి వారమైంది, మూడీ అడుగున ఒక్క గింజ లేదు. నాన్నమ్మకి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. "కాపరం నిలబెట్టుకోలేని సెయ్యి. అది ఏటి ముట్టుకున్నా అంతే" అనేసింది.

నేను నీళ్ళలో వేలు పెట్టాను. జిడ్డు. ఎండ పడ్డచోట నీళ్ళ మీద రంగులు తిరుగుతున్నాయి, వానరోజున మలంచా రోడ్డులో లారీల కింద కనిపించే రంగులు. "నాన్నా, నీళ్ళల్లో నూనేటి?" అన్నాను. నాన్న గబగబా వచ్చి గాలిగొట్టం ఊడదీసి వాసన చూశాడు. ముఖం నల్లబడిపోయింది. పంపు, గొట్టం పెరట్లోకి పట్టుకెళ్ళి సబ్బు పెట్టి కడగడం నేను కిటికీలోంచి చూశాను. తిరిగొచ్చి, "నోరు మూసుకుని షాపుకి తయారవు" అన్నాడు మెల్లిగా. బూందీ పొట్లాలు ఆ రోజు నాకు ఒకటికి రెండు ఇప్పించాడు. రెండూ తిన్నాను, సిగ్గులేనిదాన్ని.

ఆ వారంలోనే నాన్నమ్మ మళ్ళీ "పంపీ" అంది. ఈసారి నాన్న 'సూద్దుము' అనలేదు. తన చేతిలో తప్పు జరిగిందని చెప్తే పాతికేళ్ళ ఫిట్టరు పరువు పోతుంది. చెల్లెలు పోతే ఏం పోతుంది? అత్తని బండెక్కించడానికి నేనూ స్టేషనుకి వెళ్ళాను. కిటికీ చువ్వల్లోంచి వంకర మణికట్టు చాచి నా బుగ్గ నిమిరి, "సేపల్ని సంపేసినానని నా మీద కోపమేటే?" అంది. కాదత్తా, నువ్వు కాదు అని నోటిదాకా వచ్చింది. వెనకాల నాన్న నిలబడి ఉన్నాడు. తల మాత్రం అడ్డంగా ఊపాను.

కాలేజీ రోజుల్లో ప్రేమ్ బజార్‌లో రంగుచేపలమ్మే కొట్టు కనిపిస్తే ఆగి, పంపులో నూనె వేస్తే ఏమవుతుంది దాదా అని అడిగాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. దానికి నూనె అవసరమే లేదట, వేస్తే గాలితోపాటు గొట్టంలోంచి నీళ్ళలోకే పోయి, పైన పొరకట్టి, ఊపిరాడక చేపలు చస్తాయట. అనుమానంగా మోసింది ఆ రోజుతో రుజువైంది. ఇంటికెళ్ళి నాన్నని నిలదీశాను. పేపరు దించకుండానే "పాత సంగతులు నీకెందుకే ఇప్పుడు" అన్నాడు.

పెళ్ళై, బిడ్డ పుట్టాక, పిల్లని ఎత్తుకుని పలాస వెళ్ళాను. అత్తకి అప్పటికి పై పళ్ళు రెండు లేవు. ఎలా పోయాయో నేను అడగలేదు. అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అత్త వినలేదు. వినకపోగా కళ్ళెర్ర చేసింది. "మీ నాన్న సేతిలో తప్పు జరుగుతాదేటే? రైలింజన్లు బాగు సేసిన సెయ్యది. కన్న తండ్రిని అంతమాటంటావేటి?" అంది. పోనీలే అని పిల్లని అందించబోతే రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కొంగులో దాచేసుకుంది. "వొద్దమ్మా. నా సేతిలో ఏవీ బతకవు" అంది.

ట్రాఫిక్‌లో మా వరస క్వార్టర్లు ఇప్పుడు తలుపులూ కిటికీలూ ఊడి, పొదలెక్కి ఉన్నాయి. నాన్నమ్మ లేదు, నాన్న లేడు, నాన్నని మాత్రం నిఖార్సయిన పనివాడని ఇప్పటికీ అంటారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, మా ఇంట్లో అందరి పిడికెళ్ళూ ఒక్కమనిషి ఒళ్ళోనే పోశాం, అందులో నాదీ ఒకటి. పదేళ్ళ పిల్ల నోటి నుంచి ఒక్క మాట చాలేది. నూకాలత్త కూడా పోయి రెండేళ్ళయింది. పోయేదాకా ఆ ఇంటి పెరట్లో ఒక్క కోడిపిల్లని కూడా పెంచలేదట.