ఆర్గానుకు గాలి కొట్టిన బాబాయిగారు

మంగళవారం పొద్దున్న బడికి బయల్దేరుతుంటే పిన్నిగారు ఫోన్ చేశారు. "టీ తాగి గ్లాసు కింద పెట్టేరమ్మా. అంతే." మా చర్చిలో నలభై ఏళ్ళు ఆర్గానుకు గాలి కొట్టిన బాబాయిగారు ఇక లేరు. నాకు ఏడుపు రాలేదు. ఆదివారం నేను వాయించిన పాట గుర్తొచ్చి గుండెల్లో దడ మొదలైంది.

మీరు అలాంటి ఆర్గాన్ చూసి ఉండకపోవచ్చు. దొరల కాలంలో ఓడ మీద వచ్చి, కాలువలో పడవెక్కి రాజోలు దగ్గర మా ఊరు చేరింది. రేవు నుంచి ఆ పెట్టెలు మోసినవాళ్ళలో బాబాయిగారి తాత ఒకరు. ముందు వరసలో మెరిసే గొట్టాలు అలంకారానికే. పలికేవి వెనకున్న చెక్క గొట్టాలు, తగరపు గొట్టాలు. పొడవైనవాటిది బొంగురు గొంతు, పొట్టివాటిది సన్నం. వాటి కింద పెద్ద తోలుతిత్తి. తెర వెనక నిలబడి ఒకరు మీట కొడుతుంటేనే అది నిండి గొట్టాలకు గాలి అందుతుంది. మీట ఆగితే ఎంత బాగా వాయించినా చప్పుడుండదు.

నేర్చుకునే రోజుల్లో నా వేళ్ళు పరుగెత్తేవి. "గాలి ముందండీ టీచరుగారూ, పాట తరవాత," అనేవారు బాబాయిగారు. తిత్తి చిరిగితే మేకతోలు అతికించి, ఆరేదాకా పక్కనే కూర్చునేవారు, ఎలుకలొస్తాయని. పాట బాగుందని జనం నాతో అనేవారు. ఆయనతో ఎవరూ అనలేదు. నేనూ ఎక్కువసార్లు అనలేదు.

రెండేళ్ళ క్రితం డాక్టరు బాబాయిగారి గుండె బలహీనంగా ఉందని, బరువు పనులు వద్దని చెప్పారు. ఈయన వినలేదు. అప్పట్నుంచి నా వేళ్ళు ఆర్గాను మెట్ల మీద, చెవులు ఆయన ఆయాసం మీద. ఒకసారి పాట మధ్యలో స్వరం కిందికి జారింది. ఆపేసి వెనక్కి పరుగెత్తాను. చెమటలు కారుతూ, మీట వదలకుండా కూర్చుని ఉన్నారు.

"ఆపేసేరేంటండీ? జనం పాడుతున్నారు కదా!"

ఆ తర్వాత నాలుగు చరణాల పాటను రెండింటికే ముగించడం మొదలుపెట్టాను. మొన్న శనివారం ఆయనే అడిగారు.

"నా కోసమాండీ?"

"ఆయ్."

"పాట తగ్గించకండి. అలిసిపోతే నేనే చెబుతాను కదండీ."

ఆదివారం నాలుగూ వాయించాను. ఆయన అలిసిపోయానని చెప్పలేదు. రెండు రోజులకే వెళ్ళిపోయారు.

భూస్థాపన రోజు ఉండబట్టలేక పిన్నిగారిని అడిగేశాను, నా వల్లేనా అని. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఆదివారం అన్నం తింటా, 'ఇయ్యాళ నాలుగూ వాయించేరే' అని ఎంత సంబరపడ్డారో అమ్మా." నా దడ కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఆ రోజే చర్చిలో ప్రార్థన మొదలవ్వాలి, తెర వెనక ఎవరూ లేరు. బాబాయిగారి కూతురు బ్యాంకులో పనిచేస్తుంది. తనే లేచి, చీర కొంగు నడుములో దోపుకుని వెనక్కి వెళ్ళింది. ఎప్పుడూ చేసిన పని కాదు. మొదటి స్వరం వణికింది, కిందికి జారింది, మళ్ళీ లేచింది. నేను మెట్టు మీద నుంచి వేలు తియ్యలేదు.