బంతి ఎవరిచ్చారు

మా కెప్టెన్ పోయాడని నాకు మొదట చెప్పింది కేబుల్ చానల్ నడిపే కుర్రవాడు. "సార్, కెప్టెన్ సాబ్ పొద్దుగాల పోయిండు. గుండె ఆగిందంట. మీరు చేసిన ఇంటర్వ్యూ రేపు మల్ల ఏస్తున్నం, చూడుండ్రి" అన్నాడు. చావు కబురూ, కార్యక్రమ ప్రకటనా ఒకే ఊపిరిలో చెప్పి ఫోను పెట్టేశాడు. తిడదామనుకున్నాను. కాని ఆ ఇంటర్వ్యూ విషయంలో ఎవరినీ తిట్టే అర్హత నాకు లేదు. అందులో అడగవలసిన ప్రశ్న ఒకటి నేను అడగలేదు. ఆ సంగతి దాచి ఆయన గురించి ఎంత మంచిగా రాసినా అది అబద్ధమే అవుతుంది.

చిన్నవాళ్ళకు ఆయన బస్టాండు కంట్రోలర్‌గానే తెలుసు. మా వయసు వాళ్ళకు గద్వాల కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్. వనపర్తిలో జరిగిన ఫైనల్లో, ఆట ఇక ముగుస్తుందనగా గోలు కొట్టి గెలిపించిన మనిషి. ఆ జట్టులో నేను హాఫ్‌బ్యాక్‌ని. ఆ తర్వాత నేను బడిపంతులునై పుస్తకాలు పట్టుకున్నాను. ఆయన బస్టాండులో విజిల్ పట్టుకున్నాడు.

మల్దకల్ గుడికి పోయే ముసలమ్మలు ఏ బస్సో తెలియక నిలబడితే, వేలు చూపించి ఊరుకునేవాడు కాదు. వెంట నడిచి, ఎక్కించి, కండక్టరుకు అప్పజెప్పి వచ్చేవాడు. ప్లాట్‌ఫారం మీద రాయి కనిపిస్తే ఎడమ కాలితో మెల్లగా పక్కకు జరిపేవాడు. తన్నేవాడు కాదు. "తన్నుడు గాడిదకు గూడ వస్తది. అందిచ్చుడు ఆట" అనేవాడు. ఇంకో మాట కూడా తరచుగా అనేవాడు: "అడగంది చెప్పొద్దు, అడిగింది దాచొద్దు." ఆ మాట మీదే బతికాడు. అదే ఆయనకు నష్టం చేసింది. నా చేతిలో.

మొన్న సంతాప సభ పెట్టారు. బస్సు ఆలస్యమైతే ఆయన మీద నోరు పారేసుకున్న పెద్దమనిషే మైకు పట్టుకుని 'మట్టిలో మాణిక్యం' అన్నాడు. ఆయన బతికుండగా ఆటల పోటీలకు ఒక్కసారైనా పిలవని కాలేజీ వాళ్ళు ఫోటోకు దండ పంపారు. నన్ను మాట్లాడమన్నారు, లేవలేదు. వాళ్ళ అబద్ధాలు చిన్నవి.

రెండేళ్ళ కిందట ఆ కేబుల్ కుర్రవాడే 'మన ఊరి మనుషులు' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆ చానల్లో పుట్టినరోజు శుభాకాంక్షలు, చీరల దుకాణం ప్రకటనలు తప్ప ఏమీ ఉండేవి కావు. మొదటి మనిషిగా కెప్టెన్‌ను ఎంచుకున్నాడు. ఆయనను ఏం అడగాలో అభిమానులను చెప్పమని టీవీ తెర అడుగున అక్షరాలు పరుగెత్తించాడు. అడిగే పని, పాత జట్టువాడినని, నాకు ఇచ్చాడు.

ఇక నేను హోటల్లో టీ తాగితే చాలు, ప్రశ్నలు వచ్చి పడేవి.

"సార్, గా గోలు ఎడమ కాలా, కుడి కాలా? ఏండ్ల సంది మా హోటల్ల ఇదే పంచాయితి" అన్నాడు హోటలాయన.

"బూట్లు ఉండెనా, ఉత్త కాళ్ళతోనే ఆడిండ్రా?" అన్నాడు పత్తి వ్యాపారి.

ధరూర్ ఆటో డ్రైవరు వంగి మెల్లగా, "ఆ దినం ఏం తిన్నడో జర అడుగుండ్రి సార్. మా పోరడు జొన్నరొట్టె ముట్టుకుంటలేడు. కెప్టెన్ సాబ్ చెప్తెనన్న తింటడు" అన్నాడు.

"ఎన్ని రొట్టెలు పెట్టినా నీ పోరడు గోలు ఎయ్యడన్నా. నీ ఆటో లెక్కనే సగంల ఆగుతడు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హోటలంతా నవ్వింది.

ఇన్ని ప్రశ్నల్లో ఒకటి మాత్రం ఎవరూ అడగలేదు. ఆ గోలుకు ముందు బంతి ఆయనకు ఎవరిచ్చారు? అడగకపోవడానికి కారణం ఉంది. నేనే ఇచ్చానని ఊరంతా నమ్ముతుంది. నేనెప్పుడూ ఆ మాట అనలేదు. ఎవరన్నా అంటే కాదనీ అనలేదు. టీ గ్లాసులోకి చూస్తూ ఊరుకునేవాడిని.

బంతి ఇచ్చింది మా రైటౌట్, కుడి అంచున ఆడేవాడు. అమరచింత వైపు కూలి కుటుంబం కుర్రవాడు. ఆ రోజుల్లో ఏ జట్టు గోలు వల ఆ జట్టే తెచ్చుకుని కట్టుకోవాలి, ఆట అయ్యాక విప్పుకుని పోవాలి. మా వల విప్పే పని ఎప్పుడూ అతడిదే. అతడికే ఎందుకో ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిందే కాబట్టి. ఆ రోజు కూడా మేము కేకలు వేసుకుంటూ జీపు ఎక్కితే, అతడు మైదానంలో వల ముడులు విప్పుతూ ఉండిపోయాడు. గద్వాలలో దిగాక దండలు కెప్టెన్‌కూ, పక్కన నిలబడ్డ నాకూ పడ్డాయి. వల భుజాన వేసుకుని అతడు ఎలా వచ్చాడో, ఎప్పుడు వచ్చాడో మాకు తెలియదు. ఆ తర్వాత చదువు మానేసి మేస్త్రీ వెంట బొంబాయి పనికి పోయాడు. ముసలితనంలో తిరిగి వచ్చాడు.

ఇంటర్వ్యూకు ముందు ఒక సాయంత్రం కెప్టెన్ మా ఇంటికి వచ్చాడు. ఎన్నడూ లేనిది, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పంతులూ, బంతి ఎవలిచ్చిన్రని ఎవలన్న అడిగిన్రా?"

"లేదు."

"నువ్వు అడుగు."

"నువ్వే చెప్పరాదు?"

"నా అంతట నేను చెప్తే కెప్టెన్‌ది పెద్దమనసు అంటరు, ఆన్ని మల్ల మర్సిపోతరు. అడిగినంక చెప్తే గవాయి అయితది, సాక్ష్యం లెక్క. ఆనికి కబురు గూడ జేసిన, టీవీల చూడుమని."

"ప్రశ్నలు అభిమానులు పంపాలి. అది నియమం" అన్నాను.

నియమం! ఆ కేబుల్ కుర్రవాడికే లేని నియమం నాకెక్కడిది? "నీ ఇష్టం పంతులూ. నేనైతే ఎదురు చూస్త" అని కెప్టెన్ లేచి వెళ్ళాడు. నన్ను తప్పుపట్టాలని ఆయన రాలేదు. నా అంతట నేనే అడిగితే నా మర్యాద కూడా మిగులుతుందని వచ్చాడు. అంత చదివిన నాకు అది అప్పుడు తెలియలేదని చెప్పుకోలేను. తెలిసింది.

ఇంటర్వ్యూలో ఎడమ కాలు గురించి అడిగాను, బూట్ల గురించి అడిగాను, జొన్నరొట్టె గురించి అడిగాను. ప్రతి జవాబు తర్వాత ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను తర్వాతి ప్రశ్నకు పోయాను. చివరికి ప్రేక్షకులకు నమస్కారం చెప్పి ముగించాను. ఆ తర్వాత ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బజారులో కనబడితే తనే టీ ఇప్పించేవాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఈ రోజు ఇంత బరువుండేది కాదు.

దహనం దగ్గర రైటౌట్ కనిపించాడు. షేర్ ఆటోలో వచ్చాడట. సిమెంటు పనిలో వేళ్ళు వంకరపోయాయి.

"బాగున్నవా సార్?" అన్నాడు. ఒకే మైదానంలో ఆడినవాణ్ణి, నన్ను సార్ అన్నాడు.

"ఆ ఇంటర్వ్యూ చూశావా?" అన్నాను.

"చూసిన. మా ఇంటిది, కోడండ్లు, గల్లీల ఉన్నోళ్ళంత చూసిన్రు. కెప్టెన్ కబురు జేసిండు గద. ఆఖరిదాంక చూసినం." చితి వైపు తిరిగాడు. "మంచిగనే అడిగినవ్ సార్."

పత్రికలో రాస్తాను, నీ పేరుతో సహా రాస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడెందుకు సార్? ఆయన నోటెంట రావాలె గాని." అందుకే ఇక్కడ అతడి పేరు రాయడం లేదు. ఇదంతా నన్ను ఎవరూ అడగలేదు. కెప్టెన్ లెక్క ప్రకారం ఇది గవాయి కూడా కాదు.

చెప్పినట్టే మర్నాడు ఆ ఇంటర్వ్యూ మళ్ళీ వేశారు. ఒక్కడినే కూర్చుని చూశాను. నేను నమస్కారం చెప్పి చేతులు జోడించాక కూడా కెమెరా వెంటనే ఆగలేదు. కత్తిరించే ఓపిక ఆ కుర్రవాడికి లేదు. తెర అంచున నా భుజం లేచి పక్కకు తప్పుకుంటుంది. కెప్టెన్ మాత్రం లేవలేదు. కొంచెం ముందుకు వంగి, ఎడమ పాదం ముందుకు పెట్టి, నేను వెళ్ళిన వైపే చూస్తున్నాడు. బంతి వస్తుందని నిలబడ్డ ఆటగాడు చూసినట్టు.