అవ్వ ఒళ్లో వీడియో గేమ్

విశాఖలో మా నెలన్నర పాపను వాళ్లమ్మ దగ్గర వదిలి, నంద్యాలలో కొత్త ఉద్యోగానికి రైల్లో వెళ్తున్నాను. దిగులు మరిచిపోదామని చేత్తో పట్టుకుని ఆడే వీడియో గేమ్ బయటికి తీశాను. మార్కాపురం దాటేసరికి అది బాగా వేడెక్కింది. దాని బరువుకు మణికట్లు లాగేస్తున్నాయి. నేను చేతులు మార్చుకుంటుంటే ఎదుటి సీట్లో ఉన్న అవ్వ చూసింది.

"ఏంది నాయనా, కాలుతాందా? ఇట్ల తే."

ఆమె దాన్ని కొంగులో పెట్టుకుని, కింద అరచెయ్యి ఆనించి ఒళ్లోకి తీసుకుంది. అంత వేడి వస్తువును పక్కన పెట్టకుండా పొదువుకోవడం నాకు వింతగా తోచింది.

"అప్పుడే పుట్టిన మేకపిల్ల ఇట్లనే వెచ్చగ ఉంటాది. ఇంత తేలిగ్గ ఉండదులే. మోకాళ్లు పట్టుకుపోయి తిరగలేకున్నా. మొన్ననే మేకల మందంతా అమ్మేసినాం" అంది.

మా పాప కూడా నా భుజం మీద నిద్రపోయేటప్పుడు అంతే వెచ్చగా ఉంటుంది. ఆ మాట అవ్వతో చెప్పాను. గిద్దలూరు వచ్చేదాకా గేమ్‌ను తిరిగి అడగబుద్ధి కాలేదు.

అక్కడ దిగేముందు అవ్వ దాన్ని నా చేతుల్లో పెట్టి, "సెలవు దొరికిన పొద్దే ఇంటికి పో నాయనా. పిల్లలు తొందరగ బరువెక్కుతారు" అంది.